పొట్టేలు పిల్లల్ని కొని, మేపి, అమ్మే యూనిట్: లెక్క నుంచి అమ్మకం దాకా

ఈ వ్యాపారం గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది షెడ్డు దగ్గర మొదలుపెడతారు. ఎన్ని అడుగులు, ఏ రేకు, ఎంత ఎత్తు అని. షెడ్డు సంగతి తర్వాత చూద్దాం. మూడు నాలుగు నెలల వయసున్న పొట్టేలు పిల్లల్ని కొని, ఇంకో నాలుగు నెలలు షెడ్డులోనే మేపి, మాంసానికి అమ్మడం ఈ పని. ఇందులో పెట్టే డబ్బులో మూడింట రెండు వంతులు పిల్లల కొనుగోలుకే పోతుంది. అందుకే లాభం వస్తుందా రాదా అనేది చాలావరకు కొన్న రోజే తేలిపోతుంది. ఆ తర్వాత మొదటి మూడు వారాల్లో ఎన్ని పిల్లలు చనిపోతాయన్న దాన్ని బట్టి మిగతాది తేలుతుంది.

విదేశాల్లో కోడెల్ని మేపే పెద్ద ఫీడ్‌లాట్ల వీడియోలు చూసి, మనమూ పశువులతో చేయొచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1977 నాటి చట్టం ఆవుల్ని, దూడల్ని కోయడాన్ని నిషేధిస్తుంది. ఎద్దులు, గేదెలైనా ఇక పనికి రావని అధికారి సర్టిఫికెట్ ఇస్తేనే కోయాలి. లేత వయసులో మేపి మాంసానికి అమ్మే పద్ధతి అక్కడ కుదరదు. గొర్రెలు, మేకల్లాంటి జీవాల్లో కుదురుతుంది, మార్కెట్టూ ఉంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో మొదటి స్థానం. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. ఇన్ని ఉన్నా పండగ వస్తే మటన్ ధర పెరుగుతూనే ఉంటుంది.

ముందు లెక్క

వంద పిల్లల బ్యాచ్‌కి ఒక నమూనా లెక్క వేద్దాం. ఈ ధరలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. మీ సంతలో ఈ వారం నడుస్తున్న ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

14 కిలోల పిల్ల 6,500 రూపాయలు అనుకుందాం. వందకి 6,50,000. రవాణా, ఎక్కింపు దింపు, దళారీ కమిషన్ కలిపి 15,000. నాలుగు నెలల మేత, దాణా పిల్లకి 2,000 చొప్పున 2,00,000. మందులు, టీకాలు, ఇన్సూరెన్స్ 25,000. ఒక మనిషి జీతం నెలకి 12,000 చొప్పున 48,000. కరెంటు, చిల్లర ఖర్చులు 10,000. పెట్టుబడి మీద వడ్డీ 30,000. మొత్తం 9,78,000.

నాలుగు పిల్లలు చనిపోయి 96 మిగిలాయి, ఒక్కోటి 28 కిలోలకి వచ్చింది, కాంట మీద (బతికున్న బరువుకి) కిలో 400 చొప్పున అమ్మాం అనుకుంటే 10,75,200 వస్తుంది. మిగిలేది 97,200. ఇందులోంచి షెడ్డు అరుగుదల తీసేయాలి. ఆరు లక్షల షెడ్డు పదేళ్లు నిలిచి, ఏడాదికి దాదాపు మూడు బ్యాచ్‌లు తీస్తే బ్యాచ్‌కి సుమారు 20,000. అంటే చేతికి 77,000 పైచిలుకు.

ఇప్పుడు ఈ లెక్కని కాస్త కదిపి చూడండి. పిల్ల 500 రూపాయలు ఎక్కువ పెట్టి కొంటే 50,000 పోతుంది. అమ్మే ధర కిలోకి 20 తగ్గితే దాదాపు 54,000 పోతుంది. నాలుగు బదులు పది చనిపోతే 67,000 పోతుంది. ఈ మూడింటిలో ఏ రెండు జరిగినా బ్యాచ్ నష్టమే. ‘పది లక్షలు పెడితే నాలుగు నెలల్లో ఐదు లక్షలు’ అని చెప్పే వీడియోల్లో ఈ కదిపి చూసే భాగం కనిపించదు.

ఇంకో సంగతి. కొనేటప్పుడు కిలోకి 464 పడింది, అమ్మేటప్పుడు 400 వచ్చింది. చిన్న పిల్ల కిలో ధర ఎప్పుడూ ఎక్కువే. అంటే కొన్న 14 కిలోల మీద 900 రూపాయల నష్టంతో మొదలుపెట్టి, పెరిగిన 14 కిలోల మీద దాన్ని పూడ్చుకుని, ఆపైన సంపాదించాలి. బరువు పెరగని పిల్ల ఎంత చవగ్గా వచ్చినా బరువే.

జీతం లెక్క కూడా గమనించండి. ఒక మనిషి వంద, నూట ఇరవై పిల్లల్ని చూసుకోగలడు. యాభై పిల్లలకి మనిషిని పెడితే పిల్లకి 960 జీతమే అవుతుంది, ఇక మిగిలేది చాలా తక్కువ. యాభై లోపైతే ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. మొదటి బ్యాచ్‌కి 30 పిల్లలు చాలు.

ఎప్పుడు అమ్మాలో ముందు, ఎప్పుడు కొనాలో తర్వాత

మన దగ్గర మటన్ గిరాకీ పంచాంగం చూసి నడుస్తుంది. తెలంగాణలో దసరా అన్నిటికంటే పెద్దది. ఆషాఢంలో బోనాలు, ఉగాది మర్నాడు, ఆంధ్రలో కనుమ, ఊరూరా జాతరలు, హైదరాబాద్‌లో రంజాన్ నెల హలీం, మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు, ఇవన్నీ మంచి రోజులు. శ్రావణం, కార్తీకం చప్పబడతాయి. కార్తీక మాసంలో అమ్మకానికి వచ్చేలా బ్యాచ్ వేసుకున్నవాడు దళారీ చెప్పిన ధరకి తలూపాల్సిందే.

అమ్మే తేదీ నుంచి నాలుగు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. దసరాకి అమ్మాలంటే మే ఆఖరు, జూన్ మొదట్లో పిల్లలు షెడ్డులో ఉండాలి. ఇది ఇంకోలా కూడా కలిసొస్తుంది. ఎండాకాలం చివర్లో బీడు భూముల్లో గడ్డి ఉండదు, గొల్ల కురుమలు మందల్ని మేపలేక పిల్లల్ని అమ్ముకుంటారు. అప్పుడు పిల్లలు కాస్త బక్కగా ఉంటాయి కానీ ధర అందుబాటులో ఉంటుంది. ఎముక బాగుండి, రోగం లేకుండా కేవలం మేత లేక తగ్గిన పిల్ల మంచి మేత పడగానే వేగంగా కోలుకుంటుంది.

బక్రీద్ వ్యాపారం వేరు. అక్కడ కాంట తక్కువ, చూపు ఎక్కువ. కొమ్ము, ఎత్తు, రంగు, నడక చూసి జీవం మీద ధర కడతారు. గుడ్డిది, కుంటిది, రోగంతో చిక్కింది పనికి రాదు. ఏడాది నిండిన పొట్టేళ్లే ఎక్కువగా అడుగుతారు కాబట్టి నాలుగు నెలల బ్యాచ్‌తో దాన్ని అందుకోలేరు. పైగా ఆ పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2026లో మే చివర్లో వస్తే, తర్వాతి ఏడాది మే మధ్యలోకి వస్తుంది. మొదటి ఏడాది దీని జోలికి పోవద్దని నా సలహా.

ఏ జాతి, ఎలాంటి పిల్ల

మాంసానికి నెల్లూరు జాతి పిల్లలు బాగా పనికొస్తాయి. పొడవు కాళ్లు, పొడవు ఒళ్లు, ఒంటి మీద ఊలు దాదాపు ఉండదు. ఎర్రగా ఉండేది నెల్లూరు బ్రౌన్, తెల్లటి ఒళ్లు మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలుండేది జోడిపి. పల్నాడు వైపు మాచర్ల గొర్రె ఉంది. తెలంగాణ, కర్ణాటక సరిహద్దుల్లో ఉన్ని ఉండే నల్ల దక్కని గట్టి జీవమే, తిరిగి మేయడంలో దానికి సాటి లేదు, కానీ షెడ్డులో దాణా మీద నెల్లూరు పిల్ల పెరిగినంత వేగంగా పెరగదు. సంతల్లో దొరికేవి ఎక్కువ కలగలుపు పిల్లలే. కాబట్టి జాతి పేరు కంటే ఎదురుగా ఉన్న పిల్లని చూడటం నేర్చుకోవాలి.

సంతలో ధర జతకి చెప్తారు. ఒకటి మంచిది, ఒకటి నాసిది జతకట్టి ఇస్తారు. జతని విడదీసి చూడండి. చేతి కాంట తీసుకెళ్లండి. అమ్మేవాడు నవ్వినా ఫర్వాలేదు, నాలుగైదు పిల్లల్ని తూస్తే మీ కంటి అంచనా ఎంత తప్పుతోందో తెలుస్తుంది. పొద్దున్నే నీళ్లు, మేత దట్టించి తెచ్చిన పిల్ల కాంట మీద ఎక్కువ చూపిస్తుంది. పొట్ట పక్కన కాక వెన్ను మీద చెయ్యి వేసి చూడండి.

ప్రతి పిల్లనీ పట్టుకుని చూడాల్సినవి ఇవి. కింది కనురెప్ప లాగితే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే పొట్టలో రక్తం తాగే నులిపురుగులు ఉన్నట్టు. దవడ కింద నీరు చేరి వేలాడుతుంటే వదిలేయండి, అది నులిపురుగులో, కాలేయంలో చేరే జలగలో బాగా ముదిరిన గుర్తు. ముక్కు పొడిగా ఉండాలి, తోక కింద పేడ అంటుకుని ఉండకూడదు. పిల్లని కాస్త పరుగెత్తించండి, దగ్గితే వద్దు. నోరు తెరిచి పళ్లు చూడండి. ముందు పాలపళ్ల మధ్యలో రెండు పెద్ద పళ్లు వచ్చి ఉంటే అది ఏడాది దాటిన జీవం. చిన్నగా కనిపిస్తున్నా గిడసబారినదని అర్థం. ముఖం ముదిరి, పొట్ట ఉబ్బి, కాళ్లు పొట్టిగా ఉన్నది ఎంత దాణా పెట్టినా పెరగదు.

వనపర్తి జిల్లా పెబ్బేరు లాంటి పెద్ద సంతల్లో ఎంపికకి కావలసినన్ని పిల్లలు దొరుకుతాయి, కానీ పది ఊళ్ల పిల్లలు ఒకచోట కలుస్తాయి, రోగాలూ కలుస్తాయి. వీలైతే ఒకటి రెండు మందల దగ్గర నేరుగా కొనండి. కాస్త ఎక్కువ ధర పడినా, టీకాలు ఎప్పుడు వేశారో అడిగి తెలుసుకునే మనిషి ఎదురుగా ఉంటాడు.

షెడ్డు

ఇక షెడ్డు. ఎదిగే పొట్టేలుకి పది చదరపు అడుగులు చొప్పున వందకి వెయ్యి చదరపు అడుగులు. పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ పడుతుంది. వర్షాలు ఎక్కువుండే చోట, నల్లరేగడి నేలల్లో, నాలుగైదు అడుగుల ఎత్తులో సందులున్న చెక్క లేదా ప్లాస్టిక్ అంతస్తు వేస్తే పేడ, మూత్రం కిందికి పోయి గిట్టలు పొడిగా ఉంటాయి. ఎర్ర నేల, నీరు నిలవని మిట్ట అయితే నేల మీద షెడ్డు సరిపోతుంది, ఖర్చు సగం తగ్గుతుంది. కింద పేరుకునే ఎరువుకి రైతులు ట్రాక్టర్ లెక్కన డబ్బిస్తారు, కరెంటు బిల్లు దానితో గడుస్తుంది.

పిల్లలన్నీ ఒకేసారి తొట్టి దగ్గర నిలబడగలగాలి. ఒక్కోదానికి అడుగు చోటు కావాలి. చోటు చాలకపోతే బలమైనవి రెండింతలు తిని అజీర్తితో పడిపోతాయి, చిన్నవి ఆకలితో మిగులుతాయి. అందుకే షెడ్డుని నాలుగు గదులుగా చేసి, బరువుని బట్టి విడదీసి ఉంచండి. ఒక గది మిగతావాటికి దూరంగా, జబ్బు చేసిన వాటికి వదలండి.

దిగిన రోజు నుంచి మూడు వారాలు

ప్రయాణం రాత్రిపూట లేదా తెల్లవారుజామున పెట్టుకోండి. బండిలో ఒకదాని మీద ఒకటి పడకుండా అడ్డుకట్టలు ఉండాలి. దిగగానే దాణా పెట్టకూడదు. బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లు, తర్వాత ఎండు మేత. ఆ రోజుకి అంతే. దారిలో కిలో వరకు బరువు తగ్గడం మామూలే, వారంలో తిరిగొస్తుంది.

రెండు మూడు రోజులు అలసట తీరాక నులిపురుగుల మందు తాగించాలి. ప్రతి పిల్లనీ తూచి, బరువుకి తగ్గ మోతాదు ఇవ్వాలి. అన్నిటికీ ఒకే సిరంజి గీత అనుకుంటే సగం పిల్లలకి మందు తక్కువ పడుతుంది. చెరువుల కింద, తడి నేలల్లో మేసి వచ్చిన పిల్లలైతే జలగల మందు కూడా కావాలి. పేలు, గోమార్లు ఉంటే మందు నీళ్లు పిచికారీ చేయాలి.

వారం రోజులకి చిటుక రోగం టీకా. రెండు మూడు వారాల తర్వాత రెండో డోసు. ఈ రోగానికి షెడ్డులో మేపేవాళ్లు ఎంత భయపడినా తప్పు లేదు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవి, గింజలు ఎక్కువ తినగానే పెరిగి విషం వదులుతుంది. బాగా తిని, బాగా పెరుగుతున్న పిల్లే ముందు చస్తుంది. సాయంత్రం ఎగురుతూ ఉన్నది తెల్లారేసరికి కాళ్లు చాపి ఉంటుంది. వైద్యానికి టైం ఉండదు, టీకా ఒక్కటే దారి. రెండో డోసు పడేదాకా దాణా మోతాదు పెంచడంలో తొందరపడొద్దు.

పీపీఆర్ అనే వైరస్ రోగానికి టీకా మరో వారం ఆగి వేయించండి. ఒక్క డోసు మూడేళ్లు పనిచేస్తుంది కాబట్టి మీ బ్యాచ్‌కి మళ్లీ అక్కర్లేదు. జ్వరం, ముక్కు నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, పారుడు ఒకేసారి కనిపిస్తే అదే అనుకుని వెంటనే వేరు చేయండి. వర్షాల తర్వాత చిన్న కుట్టే ఈగల వల్ల నీలి నాలుక వస్తుంది, దసరా బ్యాచ్ వేసేవాళ్లు దాని టీకా గురించి కూడా డాక్టర్ని అడగండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ ఊళ్లో అప్పుడు నడుస్తున్న రోగాన్ని బట్టి పశువైద్యుడు మార్చవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఈ మూడు వారాలు కొత్త పిల్లల దగ్గరికి ఊళ్లోని మందల్ని, బేరగాళ్లని రానివ్వకండి.

మేత, దాణా

పిల్ల రోజుకి తన బరువులో నాలుగు శాతం దాకా ఎండు పదార్థం తింటుంది. సగటున 21 కిలోల పిల్లకి రోజుకి 300 గ్రాముల దాణా, 400 గ్రాముల ఎండు మేత, కిలోంబావు పచ్చి మేత పెడితే సరిపోతుంది. ఈ మేతకి నెల్లూరు పిల్ల రోజుకి 110 నుంచి 130 గ్రాములు పెరిగితే మంచి పెరుగుదలే.

ఎండు మేతలో పల్లి కట్టె, కంది పొట్టు, శనగ పొట్టు వరిగడ్డి కంటే ఎంతో మేలు. పంట కోతల టైంలోనే ఏడాదికి సరిపడా కొని పెట్టుకోండి. అప్పటి ధరకీ మే నెల ధరకీ పొంతన ఉండదు. పచ్చి మేత వందకి రోజుకి 125 కిలోలు. నీళ్లున్న ఎకరంలో సగం సూపర్ నేపియర్, సగం దశరథ గడ్డి వేస్తే సరిపోతుంది. నేపియర్ ఒక్కటే వేస్తే మాంసకృత్తులు తగ్గుతాయి. గట్ల మీద అవిశ, సుబాబుల్ నాలుగు వరసలు పెట్టుకోండి.

వంద కిలోల దాణాకి ఒక మిశ్రమం: మొక్కజొన్న నూక 44, పల్లి చెక్క 16, గోధుమ లేదా వరి తవుడు 24, కంది లేదా శనగ చున్ని (పప్పు మిల్లులో మిగిలే నూక, పొట్టు) 12, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1. మాంసకృత్తులు 16 శాతం దగ్గర ఉంటాయి. బూజు వాసన వచ్చే పల్లి చెక్కని చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు, బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

దాణాని రోజుకి 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో 300కి తీసుకెళ్లాలి. ఒక్కసారి గుమ్మరిస్తే పొట్టలో పులుపు పెరిగి పిల్ల మేత మానేస్తుంది.

మగ పిల్లలకే ప్రత్యేకమైన ఇంకో ముప్పు ఉంది. తవుడు, గింజలు ఎక్కువైతే భాస్వరం ఎక్కువై మూత్రనాళంలో రాళ్లు పడతాయి. పిల్ల మూత్రానికి ముక్కుతూ, తోక ఆడిస్తూ, పొట్టని కాళ్లతో తన్నుకుంటూ ఉంటే అదే. ఆలస్యమైతే బతకదు. మిశ్రమంలో సున్నపురాయి పొడి వేసింది అందుకే. ఉప్పు తగ్గించకండి, నీళ్లు ఎప్పుడూ చల్లగా, శుభ్రంగా ఉండాలి. చలికాలంలో నీళ్లు తక్కువ తాగుతాయి, అప్పుడు ఈ సమస్య ఎక్కువ. డాక్టర్ని అడిగి దాణాలో కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్ కలపవచ్చు.

తూకం, అమ్మకం

ప్రతి పదిహేను రోజులకీ తూచండి. అన్నిటినీ తూచలేకపోతే చెవికి ట్యాగ్ వేసిన ఇరవైని. మొదటి రెండు నెలలు పెరుగుదల బాగుంటుంది, 30 కిలోలు దాటాక తగ్గుతుంది, తినేది మాత్రం పెరుగుతుంది. పదిహేను రోజుల్లో పెరిగిన బరువు విలువ ఆ పదిహేను రోజుల మేత, జీతం ఖర్చు కంటే తక్కువైతే ఆ జీవాన్ని ఇంకా ఉంచడం దండగ. ముందు బరువొచ్చిన పాతికని ముందు అమ్మండి, మిగిలినవాటికి తొట్టి దగ్గర చోటు పెరుగుతుంది.

ధర మాట్లాడేముందు కటికాయన లెక్క మీరూ వేసుకోండి. 28 కిలోల పొట్టేలు కోస్తే 48 శాతం, అంటే పదమూడున్నర కిలోల దాకా మాంసం. మీరు కిలో 400 అంటే ఆయనకి మాంసం కిలో 833 పడుతుంది. తలకాయ, కాళ్లు, బోటి ఆయనకి అదనం. మీ టౌన్లో మటన్ 900 అమ్ముతుంటే 400 న్యాయమైన ధరే, 800 ఉంటే మీ మాట నడవదు. ఈ లెక్క తెలిసినవాడితో దళారీ పెద్దగా బేరమాడడు.

హైదరాబాద్ జియాగూడ మండీకి తీసుకెళ్తే వందైనా ఒకే రోజు అమ్ముడుపోతాయి, కానీ రవాణా, కమిషన్, దారిలో తగ్గే బరువు మీ మీద పడతాయి. చుట్టుపక్కల టౌన్లలో నలుగురైదుగురు మటన్ షాపులవాళ్లతో వారం వారం పది పదిహేను ఇచ్చేలా మాట్లాడుకుంటే తలా కాస్త ఎక్కువే గిట్టుతుంది. ఎక్కడమ్మినా కాంట మీ దగ్గరే పెట్టి అమ్మండి. కంటి చూపుతో బేరం ఎప్పుడూ కొనేవాడికే లాభం, ఆయన రోజూ పది జీవాల్ని కోసి చూస్తాడు. అప్పు పెట్టొద్దు.

డబ్బు, సబ్సిడీ

జాతీయ పశుధన మిషన్ కింద 50 శాతం సబ్సిడీ గురించి అందరూ అడుగుతారు. 100 ఆడ గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కి గరిష్ఠంగా 10 లక్షలు, 500 గొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్‌కి 50 లక్షల దాకా ఇచ్చే పథకం అది. కానీ అది ఈతలు తీసే ఫారాలకి. పిల్లల్ని కొని మేపి అమ్మే యూనిట్‌కి కాదు. సబ్సిడీ కోసమని వంద ఆడ గొర్రెలతో మొదలుపెడితే అది ఏడాదిన్నర దాకా చేతికి డబ్బు రాని వేరే వ్యాపారం. మేపే యూనిట్‌కి మేత, దాణా ఖర్చు కోసం పశుపోషణకి ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగడం మేలు, వడ్డీ తక్కువ. ఇన్సూరెన్స్ చేయిస్తే చెవి ట్యాగు ఊడిపోకుండా చూసుకోండి, ట్యాగు లేని జీవానికి క్లెయిమ్ రాదు.

బ్యాచ్ మొత్తం అమ్మాకే తర్వాతిది తెండి. పాతవి పది మిగిలి ఉండగా కొత్తవి యాభై దించితే రోగం ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటూ షెడ్డు ఎప్పటికీ శుభ్రపడదు. ఎరువు ఎత్తించి, తొట్లు కడిగి ఎండలో పెట్టి, నేల మీద సున్నం చల్లి, పది రోజులు షెడ్డు ఖాళీగా ఉంచండి. ఆ పది రోజుల్లో పుస్తకం తెరిచి ఏ మంద నుంచి తెచ్చిన పిల్లలు ఎంత పెరిగాయో, ఎన్ని పోయాయో విడివిడిగా రాసుకుంటే, వచ్చే బ్యాచ్‌కి ఎవరి దగ్గరికి వెళ్లాలో అక్కడే కనిపిస్తుంది.